ఉగ్గుగిన్నె మొదలు తనచేతి ముద్ద వరకు

మన తెలుగునాట నెవనికైనను ఒక విద్య పుట్టుకతోడనే వచ్చినదని చెప్పవలసినచో, ‘అది వానికి ఉగ్గుపాలతో అబ్బినది’ అందురు. వేదము చదివిన యింటివారును, బెల్లపు పెనముకడ నిలిచిన యింటివారును ఈ మాట నొక్కతీరుగనే వాడుదురు. మాట నిలిచినది గాని, ఆ పాలు పోసిన గిన్నె మాత్రము అనేక గృహములలో అటక యెక్కినది. నేడు ఆ గిన్నెను క్రిందికి దింపి, దాని కథతో మొదలిడి, బిడ్డ తన యన్నము తాను కలుపుకొని తిను దినమువరకు తల్లిచేతికి వచ్చి పోవు పనిముట్లను గూర్చి మీతో ముచ్చటింపదలచితిని.

‘ఇది ఆడువారి విషయము, మాకేల?’ అని మీరనవచ్చును. సుమారు నలువది యేండ్లక్రితము నేనును అట్లే యనుకొంటిని. కాని మన పల్లెయిండ్లలో బిడ్డకు మొదట ఏమి పోయవలెను, ఎన్నవ నెలలో అన్నము ముట్టింపవలెను, ఎప్పుడు పాలు మాన్పింపవలెను అను తీర్పులు తల్లివి కావు. అవి అత్తగారివి, ఆమె వెనుక అరుగుమీద కూర్చున్న మనవి. తీర్పు మనదైనప్పుడు అందలి తప్పొప్పులు తెలిసికొనుటయు మన పనియే.

ఉగ్గుగిన్నె అరచేతిలో నిముడునంత చిన్నది. ఒకవైపు పక్షిముక్కువలె సాగిన మూతి యుండును. కలిగినవారియింట వెండిది, తక్కినవారియింట ఇత్తడిది లేక కంచుది. తమిళులు దీనినే ‘పాలాడై’ అందురు. ఇట్టి పాత్రలు మనకే ప్రత్యేకములని యనుకొనవలదు. జర్మనీదేశపు బవేరియా ప్రాంతమున వేల యేండ్లనాటి శిశువుల సమాధులలో మూతిగల చిన్న మట్టిపాత్రలు దొరకినవి. వాని లోపలి జిడ్డును పరీక్షించి, అది పశువుల పాలదని 2019లో పండితులు ప్రకటించిరి. తల్లిపాలు చాలని బిడ్డకు మరియొకచోటి పాలు ఎట్లు చేర్చుట యను చింత మానవజాతియంత ప్రాతది.

ఈ గిన్నెయందలి గుణము దాని మూతి తెరచియుండుటలోనే యున్నది. మూల లేదు, మర లేదు, రబ్బరు లేదు. వ్రేలు పెట్టి తోమినచో అడుగంటువరకు అందును. నీటిలో వేసి పది నిమిషములు మరిగించిన చాలును. రెండవ గుణము మరింత సూక్ష్మమైనది. బిడ్డను ఒడిలో తల యెత్తుగా నుండునట్లు పట్టుకొని, గిన్నెమూతిని పెదవిమూలకు ఆనించి, కొంచెము వంచినచో పాలు బొట్టుబొట్టుగా చేరును. శిశువు మ్రింగినపిదప మరికొంచెము. చాలుననిపించినచో పెదవులు మూసికొనును. ఎంత త్రాగవలెనను నిర్ణయము బిడ్డదే యగుచున్నది.

నెలలు నిండక పుట్టిన శిశువులకు నేడు మన దేశపు పెద్ద ఆసుపత్రులలో ఈ గిన్నెనే వాడుచున్నారని విని నేను మొదట నమ్మలేదు. గర్భమున 34 వారములు నిండని శిశువునకు సాధారణముగా చన్ను చీకి, మ్రింగి, ఊపిరి తీయుట అను మూడు పనులను జతపరచు నేర్పు చాలదు. 32 వారములు నిండిన వానికి తల్లి పాలనే పిండి పాలాడైతోనో చిన్న గిన్నెతోనో పట్టుదురు. అంతకంటె చిన్నవానికి గొట్టము ద్వారా కడుపులోనికే పంపుదురు. మన అటకమీది గిన్నె, ఇప్పుడు ఉక్కుది యైనను, శిశువైద్యుల బల్లమీదికి చేరినది.

గిన్నె మంచిదే. కాని అందులో మన పెద్దలు పోసినదంతయు మంచిది కాదు. వస అరగదీసి పోసిరి, ఆముదము పోసిరి, శొంఠి పోసిరి. చాచిన కాళ్ళమీద బిడ్డను వెల్లకిల పరుండబెట్టి, ముక్కు మూసి, నోరు తెరచినప్పుడు గొంతులో వంపిరి. అట్లు వంపిన నూనె ఊపిరితిత్తులలోనికి జారినచో తగ్గని నెమ్ము పట్టును. ఉగ్గు పోయుటచేతనే బిడ్డలు బలపడిరని మన ముసలమ్మలు చెప్పుదురు. దక్కిన బిడ్డలే గదా పెరిగి పెద్దవారై ఆ మాట చెప్పుచున్నది!

ఇక మొదటిపాల సంగతి. దీనిని కొంచెము విస్తరించి చెప్పక తప్పదు. ఏలయన ఇందు నా దోషమున్నది.

సుశ్రుతసంహితలో శారీరస్థానమున పదియవ యధ్యాయము గర్భిణిని, బాలింతను, శిశువును గూర్చినది. ప్రసవమైన మూడు నాలుగు రాత్రులకు గాని తల్లికి పాలు రావనియు, అందాక శిశువునకు తేనెను నేతిని నాకింపవలెననియు అందు చెప్పబడినది. 1988లో మా పెద్దవాడు పుట్టినప్పుడు, మొదటిదినముననే నా భార్య ‘పాలు పడుతున్నాయండీ, పట్టనా?’ అని అడిగినది. మా యమ్మ వలదనినది. నేను గ్రంథము తెరచి చూపితిని. ఆమె మరి మాటాడలేదు. ఆ మూడుదినముల పాలను గుడ్డలోనికి పిండి పారబోసిరి. బిడ్డకు తేనె నాకించిరి.

నేను పారబోయించినది ముర్రుపాలు. పసుపువన్నెతో చిక్కగా, కొద్దికొద్దిగా వచ్చును. మొదటిదినమున శిశువు కడుపు పట్టునది పూటకు ఒకటి రెండు చెంచాలే గనుక ఆ కొద్దియే చాలును. రోగముల నెదిరించు పదార్థములు అందు మెండుగా నుండి, శిశువు ప్రేగుల లోపలిగోడకు పూతవలె పట్టి కాపాడును. తేనెయన్ననో, అందు ఒకానొక సూక్ష్మజీవి బీజములు ఉండవచ్చును. మనకు అవి యేమియు చేయవు గాని, ఏడాది లోపు శిశువు ప్రేగులలో మొలచి కండరములను చచ్చుపరచు విషమును పుట్టింపగలవు. అందుచేత ఏడాది నిండువరకు తేనె నాలుకకు తగిలింపగూడదు.

మీలో పాడి యున్నవారు చెప్పుడు: ఆవు ఈనినపుడు దూడకు జున్నుపాలు కుడువనీయక పారబోయుదురా? మొదటిపూట జున్నుపాలు తాగని దూడ బ్రతుకుట కష్టమని పశులకాపరికిని తెలియును. దూడకు తల్లికడుపులో ఆ రక్షణ అందదు గనుక దానికి జున్నుపాలే దిక్కు. మనుష్యశిశువునకు గర్భమున కొంత అందును, కొంత ముర్రుపాలలో అందును. పశులశాలలో తెలిసిన మాట పురిటిగదిలో ఏల మరచితిమో నాకు నేటికిని బోధపడదు. పుట్టిన గంటలోపల చన్నందింపవలెనని నేడు వైద్యులు చెప్పుదురు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఆ గంటలోపల పాలు పట్టబడిన శిశువులు దేశములో నూటికి 42 మంది మాత్రమే. కావున ఇది గతించిన కథ కాదు.

సుశ్రుతుని నేను నిందించుటలేదు. ఆ యధ్యాయమునందే, శిశువునకు ఆరవ నెలలో తేలికయైన హితమైన యన్నము పెట్టవలెననియు నున్నది. నేటి ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పునదియు అదియే: ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీళ్ళయినను వలదు, పిమ్మట ఇతరాహారముతోపాటు రెండేండ్లవరకును, ఆ పైనను తల్లిపాలు సాగవచ్చును. ఒకే యధ్యాయములో ఒక వాక్యము పరీక్షకు నిలిచినది, ఒకటి నిలువలేదు. గ్రంథము చదివినవాడు రెంటిని ఒక్కగొంతుతో చదువరాదని తెలిసికొనుటకు నాకు చాలకాలము పట్టినది.

అప్పటికి నా తప్పులు తీరలేదు. మూడవ నెలలో ఆమెకు జ్వరము తగిలెను. జ్వరపు తల్లిపాలు విషమగునని మా యింట నమ్మకము. సాధారణ జ్వరములలో పాలు మాన్పనక్కరలేదని అప్పుడు మాకు తెలియదు. బంధువు లొకరు డబ్బాపాలును, రబ్బరుతిత్తి గల సీసాను తెచ్చిరి. సీసాను బూడిదతో తోమి, బావినీటితో కడుగుచుంటిమి. డబ్బా తొందరగా అయిపోవుచున్నదని, నలుగురికి తెలియకుండ నేనే పొడి తగ్గించి నీరు పెంచితిని. పదిదినములు గడచునప్పటికి బిడ్డకు వాంతులు, విరేచనములు పట్టుకొనెను. కన్నులు లోతుకు పోయెను. ఏడ్చినను కన్నీరు రాలేదు. ఎత్తుకొని ఆసుపత్రికి పరుగెత్తితిమి. మూడు రాత్రులు అచ్చటనే గడచినవి.

ఆ మూడవ రాత్రి ఒక నర్సమ్మ ఆ సీసాను దీపమునకు అడ్డముగా పట్టి, తిత్తి లోపలి మడతలో పేరుకొన్న తెల్లని పొరను నాకు చూపెను. ‘మాస్టారూ, జబ్బు పాలది కాదు, దీనిది. మీ ఇంట్లో ఉగ్గుగిన్నె లేదా?’ అనెను. మా యమ్మ అటక యెక్కి గిన్నె తెచ్చెను. నా భార్యచేత మరల చన్నందింపించిరి. వారముదినములకు పాలు తిరిగి పడెను. బిడ్డ దక్కెను. వాడిప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి.

సీసాకు ఇట్టి చరిత్ర మొదటినుండియు నున్నది. రబ్బరుతిత్తికి 1845లో అమెరికాలో పేటెంటు పొందిరి. విక్టోరియా రాణి కాలమున ఇంగ్లండులో పొడవాటి రబ్బరుగొట్టము గల సీసాలు వ్యాపించెను. బిడ్డ తనంత తానే త్రాగుచుండగా తల్లి పని చూచుకొనవచ్చునని వానిని మెచ్చుకొనిరి. ఆ గొట్టమును కడుగు విధము లేదు. అందు పాలు పులిసి ఎందరు శిశువులు పోయిరో! జనులు వానికి ‘హంతక సీసాలు’ అనియే పేరు పెట్టిరి. 1867లో లీబిగ్ అను జర్మను రసాయనశాస్త్రవేత్తయు, స్విట్జర్లాండులో నెస్లేయు శిశువుల పిండియాహారములను అమ్మకమునకు తెచ్చిరి. 1939లో సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు సింగపూరున ‘పాలు, హత్య’ అను పేర ఉపన్యసించి, పేదతల్లులకు డబ్బాపాలను అంటగట్టుట హత్యతో సమానమని తెగచెప్పెను. 1981లో ప్రపంచ ఆరోగ్యసభ ఈ సరకుల అమ్మకమునకు నియమావళిని ఏర్పరచెను. మన పార్లమెంటు 1992లో చట్టము చేసి, 2003లో దానిని బిగించెను. దానిప్రకారము డబ్బాపాలకును, పాలసీసాకును ప్రకటన చేయరాదు, ఉచితముగా పంచరాదు, డబ్బామీద శిశువు బొమ్మ వేయరాదు.

తల్లి లేని బిడ్డ, తల్లికి ఘోరవ్యాధి గల బిడ్డ ఉండవచ్చును. వారికి వైద్యుడు చెప్పినట్లు పైపాలు పట్టవలసినదే. అందుకు గిన్నె చాలును, సీసా అక్కరలేదు. ఇతర తల్లులు దానముచేసిన పాలను కాపాడి యిచ్చు పాలనిధి ముంబయిలోని సయన్ ఆసుపత్రిలో 1989లో ఆరంభమైనది. హైదరాబాదు నీలోఫరు ఆసుపత్రిలో ‘ధాత్రి’ యను పేర అట్టిది 2017లో వెలసినది. ఏ కారణముచేతనో పాలు పడని తల్లిని చూచి పెదవి విరచువారితో నాకు స్నేహము లేదు.

మా చోడవరము 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్టణము జిల్లాలోనిది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనిది. జిల్లా మారినను చెరకు మారలేదు. పుష్యమాఘములలో చెరకు నరుకుడు సాగునప్పుడు పచ్చిబాలింతలును కూలికి పోవుదురు. ఉద్యోగము చేయు స్త్రీకి 1961 నాటి ప్రసూతిచట్టమును 2017లో సవరించి, మొదటి యిద్దరు బిడ్డలకు 26 వారముల సెలవు జీతముతో నిచ్చిరి. చెరకుతోటలో కట్టలు మోయు తల్లికి ఎవరు సెలవిచ్చిరి? ఆమె వెళ్ళునప్పుడు బిడ్డ ముసలమ్మ యొడిలోనుండును, ముసలమ్మ చేతిలో సీసా యుండును. సీసా పుట్టుచోటు ఇదియే. కనుక దానిని మాన్పు ఉపాయమును ఇచ్చటనే పెట్టవలెను.

తల్లి వెళ్ళుటకుముందు చేతులు సబ్బుతో కడుగుకొని, మరిగించి ఆరబెట్టిన మూతగల ఉక్కుగిన్నెలోనికి తన పాలు పిండి యుంచవచ్చును. నీడపట్టున, చల్లని తావున నాలుగు గంటలవరకు అవి చెడవు. ముసలమ్మ వానిని మరిగింపక, ఉగ్గుగిన్నెతో పట్టవలెను. మిగిలినవి దాచరాదు. మధ్యాహ్నము బిడ్డను తోటగట్టునకు కొనిపోయి తల్లి కందింపవలెను, లేదా మేస్త్రీతో మాటాడి తల్లిని ఇంటికి పంపింపవలెను. ఈ మాటాడుట పెద్దలు చేయవలసిన పని. అడుగుటకు ఆమెకు నోరు రాదు. ఊరిలో మీ మాట చెల్లును గదా, ఒక్కమారు దీనికి వాడి చూడుడు.

ఆరు నెలలు నిండగానే గిన్నెనుండి చెంచాకు మారవలెను. తల్లిగర్భమున శిశువు నిలువజేసికొన్న ఇనుము ఆ వేళకు తరిగిపోవును. పాలొక్కటియే ఇక చాలవు. అన్నప్రాశనముహూర్తము ఆలస్యమైనదని ఎనిమిదవ నెల, పదియవ నెల వరకు ఆపువారిని చూచితిని. వెండిగిన్నెలో పరమాన్నము ఒక్కమారు నాకించి, మరునాటినుండి మరల పాలతోనే సరిపెట్టువారిని మరింతమందిని చూచితిని. మనకు ముహూర్తము ముఖ్యమైనది, శిశువునకు మరునాటి ముద్ద ముఖ్యము.

మా ప్రాంతమున చోళ్ళు అనబడు రాగులు ఇందుకు దివ్యముగా నుపకరించును. నూరు గ్రాముల చోళ్ళలో సుమారు 340 మిల్లీగ్రాముల సున్నపుధాతు వున్నది. బియ్యములో దానికి ఇరువదవ వంతైనను లేదు. ఐతే వట్టి పిండితో జావ కాచినచో నూరక చిక్కబడును, మనము నీరు పోయుదుము, బిడ్డ కడుపు నీటితో నిండును. మన యవ్వలకు దీనికి ఉపాయము తెలియును. చోళ్ళను రాత్రి నానబోసి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, నీడను ఆరబెట్టి, సన్నని సెగను వెచ్చజేసి విసరుదురు. మొలకెత్తునప్పుడు గింజలో పుట్టు ఒక రసము పిండిని విరిచి పలుచబరచును. అందుచేత అంతే నీటిలో ఎక్కువ పిండి పట్టును, బిడ్డ సులువుగా మ్రింగును. దీనికితోడు మెత్తని పప్పన్నము, నేతిబొట్టు, ఉడికిన ఆకుకూర, అలవాటున్నవారికి గ్రుడ్డు. చెంచా వంచినంతనే జారిపోవు పప్పన్నము మరీ పలుచనిదని గుర్తు. రెండేండ్లలోపు పంచదారగాని బెల్లముగాని కలుపవలదని వైద్యులందురు. అనకాపల్లి బెల్లపుసంతకు కూతవేటు దూరమున కూర్చుండి ఈ మాట చెప్పుచున్నందుకు నన్ను క్షమింపుడు.

ఇచటినుండి బిడ్డ తల్లి కొంగు విడుచు కథ మొదలగును. మన వారి యాచారమొకటి నాకు మిక్కిలి ఇష్టము. శిశువు బోర్లపడినపుడు బొబ్బట్లు చేసి పంచుదురు. అడుగులు వేసినపుడు అరిసెలు. పలుకులు వచ్చినపుడు పంచదార చిలుకలు. ఇవన్నియు బిడ్డ తల్లినుండి ఒక్కొక్క యడుగు దూరమైన దినములు. దానికి దుఃఖింపక మూకుడు పెట్టి పిండివంట చేసిన జాతి మనది.

ఈ మధ్యకాలపు పనిముట్లను గూర్చి రెండు మాటలు. వరాహానది యొడ్డున ఏటికొప్పాకలో అంకుడుకర్రతో తరిణెపట్టి లక్కబొమ్మలు చేయుదురు. 2017లో వానికి భౌగోళికసూచిక గుర్తింపు దొరకినది. ప్రకృతిసిద్ధమైన రంగులను మరల వాడుకలోనికి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. బిడ్డ ప్రతివస్తువును నోట పెట్టుకొనును గనుక గిలకకు ఏ రంగు వేసిరను ప్రశ్న చిన్నది కాదు. ఇక మన కొయ్య మూడుచక్రముల బండి. బిడ్డ నిలువబడి, పట్టుకొని, తన కాళ్ళబలముతో త్రోయును, పడినచో లేచును. ఇప్పుడు బిడ్డను నడుమ కూర్చుండబెట్టు చక్రముల వాకర్లు వచ్చినవి. అందు బిడ్డ నిలుచుట నేర్వక కాళ్ళతో జరుగుటయే నేర్చును, మెట్లకడకో పొయ్యికడకో క్షణములో దూసికొనిపోవును. కెనడాదేశమున 2004లో వాని యమ్మకమునే నిషేధించిరి. ఆసరా నిచ్చుట వేరు, మోయుట వేరు. మన వడ్రంగికి ఆ భేదము తెలిసియుండెను.

పండువులు అక్షరాభ్యాసముతో ఆగిపోవును. తన చేతితో అన్నము తిన్న దినమునకు మనము ఏ పిండివంటయు చేయలేదు. నిజమునకు ఆ దినమును రానీయము. తొమ్మిది పది నెలలకే బిడ్డ బొటనవ్రేలు చూపుడువ్రేలు కలిపి మెతుకును పట్టుకొనును. ఇడ్లీముక్క, ఉడికిన చిలగడదుంప, అరటిపండు చేతికిచ్చినచో నోటికి తీసికొనిపోవును. సగము నేలపాలగును, నిజమే. వేరుసెనగగింజ వంటి గట్టివి మాత్రము గొంతున కడ్డుపడును గనుక ఇయ్యరాదు. ఏడాదిన్నరకు చెంచా పట్టును. మూడేండ్లకు చొక్కా విప్పును, తొడుగుకొన జూచును. అది మనకు ఆలస్యమగుచున్నదని మనమే తొడిగివేయుదుము. ఇటలీదేశపు మాంటిసోరి అమ్మగారు 1907లో రోమునగరపు పేదవాడలో బాలగృహము పెట్టి, పిల్లల చేతికి సరిపోవు చిన్న కూజాలు, చిన్న బల్లలు ఇచ్చి చూచిరి. 1939లో మద్రాసు అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు మన దేశముననే యుండి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిరి. వారు చెప్పిన దానిలో నాకు పట్టుబడినది ఇంతే: బిడ్డకు చేతకాదని మనమనుకొన్నది, పాత్ర పెద్దదగుటచేత చేతకానిది.

బడిలో ముప్పదియేండ్లు పైగా ఒకటవ తరగతి పిల్లలను చూచితిని. గుండీ పెట్టుకొనలేక, అన్నపుడబ్బా మూత తీయలేక ఏడ్చువారు కొందరు. వారిలో మగపిల్లలు హెచ్చు. మరియొక ప్రక్క, ఏడేండ్ల ఆడపిల్ల తమ్ముని చంకనెత్తుకొని బడి గుమ్మమున నిలుచును. అది అంట్లు తోమును, నీళ్ళు మోయును, తమ్మునికి అన్నము పెట్టును. దానిని చూచి ‘ఎంత బుద్ధిమంతురాలు’ అని మెచ్చుకొంటిమి. ఆలస్యమైనదని నేను బెత్తము చూపితిని కూడ. ఒకే యింటిలో కొడుకునకు స్వతంత్రము పదియేండ్లయినను రాదు. కూతురికి బాల్యమే రాదు. తల్లి మంచము పట్టిన దినములలో బడికి రాక నిలిచిపోయి, మరి తిరిగిరాని పిల్లల పేర్లు హాజరుపట్టీలో నా చేతితోనే కొట్టివేసితిని. పనులు నేర్పుట మంచిదే, ఇద్దరికిని నేర్పుడు. తన కంచము తాను తీయుట బిడ్డ పని. తమ్ముని పెంచుట బిడ్డ పని కాదు.

ఇంత చెప్పుచున్న నేను మా యింట ఏమి చేసితిననుకొన్నారు? మనుమరాలికి మూడేండ్ల ప్రాయమున ప్రతిరాత్రి నేనే గోరుముద్దలు తినిపించుచుంటిని. వారధికథ చెప్పుచు, కోతి యొక రాయి వేసినప్పుడెల్ల ఒక ముద్ద. ఒకనాడు అది నా చేయి త్రోసివేసి కంచములో చేయి పెట్టెను. నేను ఆ చేయి పట్టుకొని తీసివేసితిని. మరల పెట్టెను, మరల తీసితిని. కోడలు వాకిటినుండి చూచి, ‘మావయ్యగారూ, దాని చేతికి వదిలేయండి. ఒలికితే నేను తుడుచుకుంటాను’ అని మెల్లగా ననెను. నాకు కష్టము తోచినది. రెండు దినములు ఎవరితోను సరిగా మాటాడలేదు. బిడ్డకు ఎట్లు తినిపించవలెనో నాకు నేర్పువారా యని లోలోపల ఉడికితిని.

మూడవనాడు తోచినది. ఆ ముద్దలు దాని యాకలికై పెట్టుచున్నవి కావు. నా సాయంకాలము గడచుటకై పెట్టుచున్నవి. కడుపు నిండి పెదవులు మూసిన తరువాతను ‘ఇంకొక్క రాయి, ఇంకొక్క కోతి’ యని నోరు తెరిపించుచుంటిని. ఉగ్గుగిన్నెతో పాలు త్రాగు మూడునాళ్ళ శిశువునకున్నపాటి చెల్లుబడి, మూడేండ్ల బిడ్డకు నా చేతిలో లేకపోయెను. నేటి యిండ్లలో కథకు బదులు సెల్‌ఫోను వచ్చినది. అది నాకంటె అన్యాయము, ఏలయన బిడ్డ ఏమి తినుచున్నదో దానికే తెలియదు. ఆకలి తెలిసి తినుట, చాలునని తెలిసి ఆపుట, ఈ రెండును బిడ్డ గుర్తెరుంగునట్లు పెట్టవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో వెలువరించిన సూచనలలోను చెప్పబడినది. మా కోడలు ఆ సూచనలు చదువలేదు, బిడ్డ మొగము చూచినది, అంతే.

కోడలితో ఆ మాట చెప్పితిని. ‘నాకు తోచలేదమ్మా’ అంటిని. ఆమె నవ్వి, చిన్న పీట, అంచు లేచిన చిన్న కంచము తెచ్చి నా కంచము ప్రక్కన పెట్టెను. మొదటి నెలంతయు నేల పప్పన్నముతో అలికినట్లుండెను. వారధికథ మానలేదు, ఇప్పుడు ముద్దతో నిమిత్తము లేక చెప్పుచున్నాను.

దానికిప్పుడు ఏడేండ్లు. మొన్న ఇంట అల్లము నిండుకొన్నదని, వీధిచివరి కొట్టునకు తానొక్కతయే పోవుదుననెను. ‘తాతా, నువ్వు మూలదాకా కూడా రావద్దు’ అని ఆంక్ష పెట్టెను. ఇరువదిరూపాయల నోటు చేతికిచ్చి, బండ్లు వచ్చునప్పుడు ఏ ప్రక్కను నిలువవలెనో చెప్పించుకొని, అరుగుమీద కూర్చుంటిని. చూపు మూలవరకే ఆనును. గడియారము చూడరాదని పుస్తకము తెరచితిని గాని ఒక్క పంక్తియు చదువలేదు. కోడలు గడపలో నిలిచి తడిచేతులు కొంగుతో తుడుచుకొనుచుండెను. పది నిమిషములకు అది వచ్చి అల్లపుకొమ్మును తల్లిచేతిలోను, చిల్లరను నా చేతిలోను పెట్టినది. పదునాలుగు రూపాయల యల్లము, ఆరు రూపాయల చిల్లర. లెక్క సరిపోయినది.